కోలారు బంగారు గనులకు వెళ్ళిన ముత్తాత జాడ తీయడం ఎలా?

ప్రశ్న

మాది చిత్తూరు జిల్లా పుంగనూరు దగ్గర ఒక పల్లె. మా ముత్తాతగారు, అంటే మా తాతగారి తండ్రి, ఇరవై ఏళ్ళ వయసులో ఇల్లు విడిచి బంగారు గనులకు వెళ్ళారని, అక్కడ గని కూలి చనిపోయారని మా ఇంట్లో చెప్పుకొంటారు. ఆయనకు సంబంధించి మా దగ్గర మిగిలినవి రెండే. మొదటిది మనియార్డరు ఫారాల అడుగున ఉండే చీటీలు మూడు. వాటి మీద తపాలా ముద్ర చాలావరకు చెరిగిపోయినా, ఒకదాని మీద ఇంగ్లీషు అక్షరాలలో మారికుప్పం అని చదవగలిగాను. రెండవది పాత పంచాంగం అట్ట లోపలి వైపు మా తాతగారి మేనమామ రాసి ఉంచిన ఒక వాక్యం: ‘కాళయుక్తి నామ సంవత్సర కార్తీక బహుళ పంచమి, సాంపినరీపులో కాలము చేసిరి.’ ఈ సాంపినరీపు అనే ఊరు ఎక్కడుందో నాకు ఏ పటంలోనూ కనబడలేదు.

ఇంటిలో పెద్దవారంటే ఇప్పుడు మా మేనత్త ఒక్కరే ఉన్నారు. ఆవిడకు ఎనభై దాటింది. ‘ధాత కరువులో మీ ముత్తాత నాయన పశువులన్నిటినీ పోగొట్టుకున్నాడు, ఆ దెబ్బ నుంచి ఇల్లు మళ్ళీ లేవలేదు, అందుకే పిల్లవాడు గనికి పోయినాడు’ అని ఆవిడ చెబుతారు. నేను పోయిన ఏడాది సెలవు పెట్టుకుని ఒక దస్తావేజుల కార్యాలయానికి వెళ్ళి, చిత్తూరు జిల్లా పేరుతో మూడు రోజులు సూచికలు తిరగేశాను గాని ఏమీ దొరకలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ కాగితాలు అడగాలో ఇటువంటి వెతుకులాట చేసినవారు ఎవరైనా చెప్పగలరా?

మొదటి జవాబు

మీ దగ్గర రెండే ఉన్నాయని మీరు అంటున్నారు గాని, చాలా కుటుంబాలలో ఇంతటి ఆధారం కూడా మిగలలేదు. సాంపినరీపు అన్నది ఊరి పేరు కాదు, అది చాంపియన్ రీఫ్ గని. కోలారు బంగారు గనులలోని ఐదు పెద్ద గనులలో అది ఒకటి. మిగిలినవి మైసూరు, ఊరిగాం, నందిదుర్గ్, బాలాఘాట్ గనులు. మారికుప్పం ఆ గనుల దగ్గరి రైల్వే స్టేషను. అప్పట్లో బౌరింగ్‌పేట అని పిలిచిన నేటి బంగారపేట నుంచి అక్కడికి 1894లో రైలు మార్గం వేశారు. కాబట్టి మనియార్డరు చీటీలూ పంచాంగం రాతా ఒకే చోటిని చూపిస్తున్నాయి. ‘బంగారు గని’ అని మాత్రమే విని ఉంటే అప్పటి అనంతపురం జిల్లాలోని రామగిరినీ, నిజాం రాజ్యంలోని హట్టినీ కూడా వెతకవలసి వచ్చేది, మీకు ఆ శ్రమ తప్పింది.

తారీఖు విషయం. కాళయుక్తి అరవై ఏళ్ళకొకసారి వస్తుంది. మీ తరాల లెక్కకు సరిపోయేది 1918-19 మాత్రమే. ఆ ఏడాది కార్తీక బహుళ పంచమి నవంబరు 23 ప్రాంతంలో వస్తుంది. ఇక్కడ మీరు కొంచెం ఆగి ఆలోచించాలి. 1918 అక్టోబరు, నవంబరు నెలల్లో ఇన్‌ఫ్లుయెంజా దేశమంతటా విరుచుకుపడింది. కోటిమందికి పైగా చనిపోయిన ఆ రోజులలో, ఇరుకైన కూలీ లైన్లలో వెదురు తడికల గుడిసెలు ఒకదానినొకటి ఆనుకుని ఉన్న చోట జ్వరం ఎలా పాకి ఉంటుందో ఊహించవచ్చు. గని కూలడం వల్లనే ఆయన పోయారని నమ్మి ప్రమాదాల కాగితాలు మాత్రమే వెతికితే, మీరు మరో మూడు రోజులు వృథా చేసుకునే అవకాశం ఉంది. చావు గనిలో కాదని నేను అనడం లేదు. ఇంటి కథలో ‘గనికి పోయినాడు, తిరిగి రాలేదు’ అన్న రెండు మాటలు కాలక్రమాన ‘గని కూలి పోయినాడు’గా మారడం చాలా సహజం అని మాత్రమే అంటున్నాను.

ధాత కరువు అన్న మాట కూడా వదిలిపెట్టవలసినది కాదు. ధాత 1876-77, దాని తరువాతి ఈశ్వర 1877-78. దక్షిణ దేశాన్ని మట్టి కరిపించిన ఆ కరువు ఆ రెండేళ్ళదే. మీ ముత్తాతగారి తండ్రి అప్పటికి సంసారి అయితే, ముత్తాతగారు బహుశా 1880 ప్రాంతంలో పుట్టి, 1900కు కాస్త అటూ ఇటూగా గనికి వెళ్ళి ఉండాలి. గనుల చరిత్ర దీనికి సరిగ్గా కలుస్తుంది. మైఖేల్ లావెల్ అనే ఐరిష్ సైనికుడు 1870లలో మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వకాల హక్కు పొందాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగింది. మొదట్లో పెట్టిన డబ్బు అడుగంటే స్థితికి వచ్చి, 1880ల నడుమ చాంపియన్ సిర, అంటే బంగారం ఉన్న రాతి పొర, దొరికిన తరువాతనే గనులు నిలదొక్కుకున్నాయి. శివసముద్రం నుంచి కరెంటు 1902లో వచ్చింది. మీ ఊరి కుర్రవాళ్ళు గుంపులుగా కదిలింది ఆ ఊపులోనే.

ఇక మీకు కాగితాలు ఎందుకు దొరకలేదంటే రెండు కారణాలు. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు మీ ప్రాంతపు కాగితాలు ఉత్తర ఆర్కాటు జిల్లా పేరు కింద ఉంటాయి. అంతకన్న ముఖ్యంగా, కోలారు మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) లేదు, మైసూరు సంస్థానంలో ఉంది. బయలుదేరిన ఇల్లు ఒక ప్రభుత్వం కింద, పనిచేసిన గని మరొక ప్రభుత్వం కింద ఉన్నందువల్ల, గని వైపు కాగితాలకు మీరు బెంగళూరులోని కర్ణాటక రాష్ట్ర పురాలేఖ శాఖను, మైసూరు రెసిడెన్సీ, అంటే సంస్థానంలోని బ్రిటిషు ప్రతినిధి కార్యాలయం, పత్రాలకు ఢిల్లీలోని జాతీయ పురాలేఖ కేంద్రాన్ని ఆశ్రయించాలి.

రెండవ జవాబు

పై జవాబులో తిథి లెక్క బాగుంది గాని, ఒక జాగ్రత్త అవసరం. దూరదేశంలో చనిపోయినవారి వార్త ఆలస్యంగా చేరినప్పుడు, చావు తిథి తెలియకపోతే వార్త విన్న తిథినే పట్టుకుని తద్దినం పెట్టేవారు. కొందరు అమావాస్యకు పెట్టేవారు. పంచాంగం మీద రాసినది పోయిన రోజా, తెలిసిన రోజా? మీ మేనత్తగారిని ఆ తద్దినం ఏ తిథిన పెట్టేవారో అడగండి. ఆవిడకు బహుళ పంచమే గుర్తుంటే ఇంటివాళ్ళు ఆ తిథినే నమ్మారని తేలుతుంది. అమావాస్య అంటే, ఆ రాత వెనుక ఏదో తికమక ఉందన్నమాట.

మూడవ జవాబు

నేను రాబర్ట్‌సన్‌పేటలో పుట్టి పెరిగాను. మా తాత వి.కోట నుంచి వచ్చి మైసూరు గనిలో పనిచేశాడు, మా నాన్న అదే గనిలో రిటైరయ్యాడు. కాబట్టి పుస్తకాలలో లేని సంగతులు రెండు మూడు చెబుతాను.

మొదటిది పేరు. మీరు ఇంటిపేరుతో వెతికితే మీ ముత్తాత ఎన్నటికీ దొరకడు. గనులలో కూలీలు ఎక్కువమంది తమిళం మాట్లాడేవారు. అక్కడ పేరు రాసే పద్ధతి కూడా వారిదే. తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు, తరువాత తన పేరు, అంతే. మా ఇంట్లో ఇంటిపేరు రెండు తరాల పాటు కాగితం మీదికి ఎక్కనే లేదు, పెళ్ళిపిలుపుల మీద మాత్రమే బతికింది. గుమస్తా ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒకే వెంకటప్ప నాలుగు విధాలుగా మారతాడు. తండ్రి పేరు, ఊరి పేరు, కులం, ఈ మూడూ చేతిలో పెట్టుకుని వెతకండి.

రెండవది మేస్త్రీ. ఆ రోజులలో కూలీలలో చాలామంది నేరుగా కంపెనీ మనుషులు కారు, కాంట్రాక్టర్ల కింద పనిచేసేవారు. కంపెనీ లెక్కలో కాంట్రాక్టరు పేరు ఉంటుంది, అతని కింది మనుషుల లెక్క అతని దగ్గర ఉంటుంది. కూలీలను తెచ్చే మేస్త్రీ తరచుగా తన చుట్టుపక్కల పల్లెలవాళ్ళనే తెచ్చుకునేవాడు. అందుచేత మీ పల్లె నుంచి ఎవరెవరు కలిసి వెళ్ళారో ఊరిలో అడగండి. మేస్త్రీ కుటుంబం దొరికితే మీ ముత్తాత కథ సగం దొరికినట్టే.

ఒక విడ్డూరం చెప్పకుండా ఉండలేను. 1930లో గని కూలీలు పెద్ద సమ్మె చేశారు. అందరి వేలిముద్రలు తీసుకుని నమోదు చేయాలన్న ఉత్తరువును వ్యతిరేకిస్తూ చేసిన సమ్మె అది. దొంగల్లాగా వేలిముద్రలు వేయించుకుంటారా అని వాళ్ళకు ఒళ్ళు మండింది, న్యాయమే. ఈ రోజు మనవలం మనం ఆ వేలిముద్రల వంటి కాగితం ఒక్కటి దొరికితే చాలని తిరుగుతున్నాం. మీ ముత్తాత అప్పటికి పన్నెండేళ్ళ ముందే పోయాడు గనుక ఆ తరహా కాగితంలో ఆయన ఉండే ప్రశ్నే లేదు.

గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వెళ్ళాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సిబ్బంది పుస్తకాలలో పనికొచ్చేవి ఎక్కువగా ఈ చివరి దశవే. 1918 మనిషికి వాటితో పని తక్కువ. ఆయనకు పనికివచ్చేవి రెండు రకాలు. మైసూరు ప్రభుత్వపు గనుల ప్రధాన తనిఖీ అధికారి ఏటా ఇచ్చిన నివేదికలలో ప్రమాద మరణాల వివరాలు ఉంటాయి. 1918, 1919 నివేదికలలో చాంపియన్ రీఫ్ భాగం చదివితే, గని కూలిందన్న మాట నిలుస్తుందో లేదో కొంత తేలుతుంది. రెండవది మరణాల నమోదు. గనుల పట్టణాన్ని అప్పుడు శానిటరీ బోర్డు చూసుకునేది. ఆ పుస్తకాలు ఏమైనా మిగిలి ఉంటే ఇప్పటి నగరసభలో గాని, కోలారు జిల్లా కేంద్రంలో గాని అడగాలి. ఉత్తరం రాస్తే జవాబు రాదు, మనిషి వెళ్ళాలి.

మీరు వచ్చినప్పుడు సైనైడు దిబ్బలు, అంటే బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి గుట్టలు, చూడండి. ఎండాకాలం గాలికి ఆ తెల్లటి దుమ్ము ఇప్పటికీ ఇళ్ళలోకి కొడుతుంది. మీ ముత్తాత తవ్విన రాయి పొడి కూడా అందులోనే ఎక్కడో ఉంటుంది.

నాలుగవ జవాబు

గని వైపు వెతుకులాట గురించి పెద్దలు చెప్పారు. ఊరి వైపు గురించి నేను రాస్తాను. నేను సర్వే శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను.

మనియార్డర్లు వచ్చాయంటే ఆ డబ్బు ఎక్కడికో వెళ్ళి ఉండాలి. గనికి వెళ్ళినవాడి డబ్బు సాధారణంగా తాకట్టు విడిపించడానికో, చేను కొనడానికో ఖర్చయ్యేది. పాత భూమి లెక్క అనగానే అందరూ రీసెటిల్‌మెంటు రిజిస్టరు, అంటే ప్రభుత్వం శిస్తు తిరిగి నిర్ణయించినప్పుడు రాసిన భూముల పుస్తకం, అడుగుతారు. కాని మీది పుంగనూరు జమీందారీ గ్రామమైతే, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే అక్కడికి రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి వచ్చింది. అంతకు ముందు పట్టాలు జమీందారు ఇచ్చినవి. రిజిస్టర్డు దస్తావేజు మాత్రం ఏ గ్రామమైనా ఒకటే: మీ ప్రాంతపు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో స్థిరాస్తికి సంబంధించిన ఒకటవ పుస్తకాన్నీ దాని సూచికలనూ రుసుము కట్టి చూసే హక్కు చట్టం ప్రకారం ఎవరికైనా ఉంది. 1900 నుంచి 1920 వరకు మీ ముత్తాత తండ్రి పేరుతో, ముత్తాత పేరుతో, ఆయన భార్య పేరుతో వెతకండి. దస్తావేజులో తండ్రి పేరు, కులం, వృత్తి, నివాసం రాస్తారు. ‘ప్రస్తుతం కోలారు గోల్డ్‌ఫీల్డులో ఉంటున్న’ అన్న ముక్క ఒక్కటి కనబడితే, ఆ తేదీన ఆయన అక్కడున్నట్టు గట్టి సాక్ష్యం. జనాభా లెక్కల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అచ్చయిన సంపుటాలలో తాలూకాల వారీగా అంకెలే ఉంటాయి, మనుషుల పేర్లు ఉండవు.

ఇంకొక మాట. మీ కులానికి వంశరాజులు ఉంటే, అంటే పూర్వం పిచ్చిగుంట్లవారని పిలిచినవారు ఉంటే, వారిని వెతికి పట్టుకోండి. ఇంటింటికీ వచ్చి గోత్రం, వంశం వల్లించిన ఆ మనుషులు ఏ శాఖ ఎక్కడికి చీలిపోయిందో చెప్పగలిగేవారు. ఇప్పుడు వారి పిల్లలు వేరే పనులలోకి వెళ్ళిపోయారు, ఆలస్యం చేయకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. మేనత్తకు ఫోను చేసి తద్దినం సంగతి అడిగాను. కార్తీక బహుళ పంచమినాడే పెట్టేవారని, ఎందుకో ఆ నెలలోనే మా ముత్తవ్వ చెల్లెలికి కూడా తద్దినం ఉండేదని చెప్పారు. ఆ చెల్లెలు గనికి వెళ్ళనే లేదు, ఊరిలోనే ఉండేదట. ఏ జబ్బుతో పోయిందని అడిగితే ‘అప్పుడు అందరూ జ్వరంతోనే కదా పోయినారు’ అన్నారు. ముత్తాతకూ జ్వరమేనా అంటే చాలాసేపు మాట్లాడలేదు, ఆ తరువాత ‘గని కూలిందనే మా నాయన చెప్పినాడు’ అన్నారు. మళ్ళీ అడగడానికి నాకు మనసు రాలేదు.

మేస్త్రీ గురించి అడిగినప్పుడు మాత్రం వెంటనే పక్క ఊరి కుటుంబం ఒకటి చెప్పారు. ఆ ఇంటివారిది ఇప్పటికీ అదే ఊరు. వచ్చే ఆదివారం అక్కడికి వెళ్ళి, సోమవారం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సూచికలు మొదలుపెడతాను. 1918 నివేదికను బెంగళూరులో చూసి వచ్చిన తరువాత ఇక్కడే రాస్తాను.