రిబ్బన్ ట్వీటరా, డోమ్ ట్వీటరా? మా హాలుకు ఏది నప్పుతుంది?

తిరుపతిలో మాది చిన్న హాలు. నేలంతా గ్రానైట్, గోడలు నున్నగా ఉంటాయి. చప్పట్లు కొడితే గది గణగణమంటుంది. వినేది ఎక్కువగా నాదస్వరం, వయొలిన్. రెండు జతల స్పీకర్లలో ఏది కొనాలో తేల్చుకోలేకపోతున్నాను. ట్వీటరంటే స్పీకర్లో హెచ్చు స్వరాలు పలికించే భాగం. ఒకదానికి 25 మిల్లీమీటర్ల సిల్క్ డోమ్ ట్వీటర్, అంటే పట్టుగుడ్డతో చేసిన చిన్న గుమ్మటం లాంటిది, రెండోదానికి రిబ్బన్.

రిబ్బన్‌లో పల్చటి అల్యూమినియం రేకే అయస్కాంతాల మధ్య కదులుతుంది, దాన్ని కదిలించడానికి విడిగా వాయిస్ కాయిల్ (తీగచుట్ట) ఉండదు. దుకాణంలో విన్నప్పుడు వయొలిన్ తీగను కమాను ఒరుసుకునే గరగర కూడా తెలిసింది. అమ్మేచోట అన్నీ బాగానే వినిపిస్తాయనుకోండి! నా అనుమానమల్లా వేరు. పొడవాటి రిబ్బన్ ధ్వనిని పక్కలకు బాగా పంచినా, పైకీ కిందికీ తక్కువే పంచుతుంది కదా. మా ఇంట్లో నాన్నగారు పడక కుర్చీలో, అమ్మ నేల మీద పూలు కట్టుకుంటూ వింటారు. అమ్మ కూర్చునే చోట తాళాల మెరుపు తగ్గిపోతుందా? లేక నేల, పైకప్పుల నుంచి వచ్చే ప్రతిధ్వని తగ్గి, ఇలాంటి గదికి అదే మేలవుతుందా?

వేసవిలో కిటికీలు తెరిచే ఉంటాయి, ఫ్యాను ఆగదు. ఈ దుమ్ముకు ఆ రేకు తట్టుకుంటుందా? పాడైతే రేకు ఒక్కటే మార్పించుకోవచ్చా? రెండూ ఇంట్లో వాడి చూసినవారు దయచేసి చెప్పండి. డోమ్ కొనమన్నా సరే, కారణం మాత్రం రాయండి.