పెయింటర్ కాన్‌స్టేబుల్ బొమ్మలో కూలోళ్లు అంత చిన్నగా ఉండారు, ఏంటికి?

తిరుపతి స్టూడెంట్: ఆర్ట్ హిస్టరీ ఎగ్జామ్ కోసం ఇంగ్లండ్ పెయింటర్ జాన్ కాన్‌స్టేబుల్ 1821లో వేసిన హే వెయిన్ (గడ్డి బండి) బొమ్మ చూస్తా ఉన్నా, ఏట్లో బండి, గట్టున కుక్క, ఇల్లు అన్నీ బాగుండాయి గానీ గడ్డి కోసేటోళ్లు కుడిపక్క ఎక్కడో తెల్ల చుక్కల మాదిరి ఉండారు, జూమ్ చేస్తే గానీ కనపళ్లేదు. ఏంటికన్నా అట్ల?

పాత బస్టాండ్: తమ్ముడూ, కాన్‌స్టేబుల్ వాళ్ల నాయన మిల్లు ఓనరు, ఆ చోటు వాళ్ల ఫ్లాట్‌ఫర్డ్ మిల్లు పక్కనే. మరుసటేడు 1822లో ఆ మిల్లుండే సఫోక్ జిల్లా పక్కే కూలోళ్లు పని లేక నూర్పిడి మిషన్లు పగలగొట్టినారు. బొమ్మలో ఆ వేడి ఏమన్నా తెలస్తా ఉందా? ఓనరు కొడుకు కంటికి పొలం అట్లే కనపడతాది.

రంగులడబ్బా: అంత మాట వద్దులే అన్నా. 1815లో పడవ తయారుచేసే బొమ్మ ఒకటి వేసినాడు కదా, అందులో పనోడు, పనిముట్లు, కాగే తారు అన్నీ ముందరే ఉండాయి. కాకపోతే ఆ పడవా వాళ్ల నాయనదే 😄

చిత్తూరు మామిడి: నవ్వొస్తాంది నాకు. ప్రతి సీజన్లో మా తోట ఫోటో స్టేటస్ పెడతా, కాయలు కోసే అక్కోళ్లు అడ్డమొస్తే రొంత జరగమంటా. పోయినసారి చూసుకుంటే మూలన చిక్కం కట్టిన గడ, దాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం పడుండాది, మనిషి లేదు.