వేరుశనగ, నువ్వుల పోషక విలువలు పట్టికకో తీరుగా ఎందుకున్నాయి?

ప్రశ్న:

నూనెగింజల పోషక విలువలపై వ్యాసం రాయడానికి వేర్వేరు పట్టికలను పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. వేరుశనగలో ప్రోటీన్ ఒకచోట 25 శాతమని, మరోచోట 29 శాతమని, ఇంకోచోట ఏకంగా 50 శాతమని ఉంది. వంద గ్రాముల నువ్వుల్లో కాల్షియం ఒక పట్టిక ప్రకారం 975 మిల్లీగ్రాములు, మరొక పట్టిక ప్రకారం 60 మాత్రమే. రకాన్ని బట్టి, నేలను బట్టి కొంత తేడా ఉంటుందని తెలుసు గానీ, ఇన్ని రెట్ల తేడాకు అది కారణం కాగలదా? పిండిపదార్థాల అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:

మీరు చూసిన అంకెలన్నీ సరైనవే కావచ్చు. అయితే అవన్నీ ఒకే పదార్థానికి, ఒకే పద్ధతిలో కట్టిన లెక్కలు కావు. ముందు 50 శాతం సంగతి చూద్దాం. వేరుశనగ గింజ బరువులో దాదాపు సగం నూనే. దాన్ని తీసివేస్తే మిగిలిన పిండిలో ప్రోటీన్ వాటా ఇంచుమించు రెట్టింపవుతుంది. కొత్తగా ప్రోటీన్ ఏమీ చేరలేదు, భాగించే బరువు తగ్గిందంతే. తేమ విషయంలోనూ చిన్న ఎత్తున జరిగేది ఇదే: 8.5 శాతం తేమతో ఉన్న సోయా గింజల్లో 36.5 శాతం ప్రోటీన్ ఉంటే, పొడి బరువు మీద లెక్కించినప్పుడు అది 40 శాతానికి చేరుతుంది.

ఇక 25కూ 29కీ మధ్య తేడా. ఈ పట్టికల్లో చాలావరకు ప్రోటీన్‌ను నేరుగా కొలిచి ఇవ్వరు. 1883లో యోహాన్ కెల్డాల్ ప్రవేశపెట్టిన పద్ధతిలో గాని, దాని తర్వాతి పద్ధతుల్లో గాని నత్రజనిని కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేస్తారు. ప్రోటీన్లలో సగటున 16 శాతం నత్రజని ఉంటుందన్న ఊహ మీద వచ్చినదే 6.25 అనే గుణకం. నూనెగింజల నిల్వ ప్రోటీన్లలో ఆర్జినిన్ వంటి నత్రజని అధికంగా ఉన్న అమైనో ఆమ్లాల (ప్రోటీన్‌ను కట్టే మూలభాగాల) పాలు ఎక్కువ కాబట్టి వాటికి 6.25 కన్నా చిన్న గుణకం కావాలి; వేరుశనగకు 5.46, సోయాకు 5.71 వాడడం సబబు. గింజలో 4.6 శాతం నత్రజని ఉందనుకుంటే 5.46 లెక్కన ప్రోటీన్ 25.1 శాతం, 6.25 లెక్కన 28.75 శాతం వస్తుంది. అన్ని గింజలకూ కళ్లు మూసుకుని 6.25 వాడిన పట్టికను నేనైతే పక్కన పెడతాను.

పిండిపదార్థాల అంకె చాలా పట్టికల్లో కొలత కాదు, తీసివేత. వంద నుంచి తేమ, ప్రోటీన్, కొవ్వు, బూడిద (కాల్చాక మిగిలే ఖనిజాలు) తీసివేయగా మిగిలినదంతా ఆ ఖాతాలోకే పోతుంది, పీచుతో సహా. కాబట్టి పై నాలుగు కొలతల్లో దొర్లిన తప్పులన్నీ అక్కడికే చేరతాయి. కొవ్వు కూడా అంత శుద్ధమైన అంకె కాదు: కొవ్వును ద్రావణిలో కరిగించి బయటికి తీసే 1879 నాటి సాక్స్‌లెట్ పద్ధతిలో ఆ ద్రావణి వెంట నూనెతో పాటు వర్ణకాలు, స్టెరాల్స్, కొంత ఫాస్ఫోలిపిడ్ కూడా దిగివస్తాయి.

జవాబు 2:

నువ్వుల కాల్షియం గురించి పైవారు ప్రస్తావించలేదు. మీరు చెప్పిన రెండు అంకెల్లో మొదటిది పొట్టుతో ఉన్న గింజకు, రెండోది పొట్టు తీసిన పప్పుకు సంబంధించినది. నువ్వుల్లో కాల్షియం చాలావరకు పొట్టులోనే, అందులోనూ అధిక భాగం కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల రూపంలో ఉంటుంది. ఆక్సలేట్‌తో బిగుసుకున్న కాల్షియం పేగులో సులభంగా విడివడదు కాబట్టి, 975 అన్న అంకెను చూసి అదంతా ఒంటికి అందుతుందని రాయకండి. పప్పులోని ఫైటిక్ ఆమ్లం కూడా జింకు, ఇనుము వంటి వాటిని పట్టి ఉంచుతుంది.

జవాబు 3:

రకం, వాతావరణం తెచ్చే తేడాలను కూడా కొట్టిపారేయలేం. అవి ముఖ్యంగా కొవ్వు ఆమ్లాల్లో కనిపిస్తాయి. సాధారణ పొద్దుతిరుగుడులో గింజ పాలుపోసుకునే దశలో చల్లగా ఉంటే లినోలీక్ ఆమ్లం, వేడిగా ఉంటే ఒలీక్ ఆమ్లం పెరుగుతాయి. వేరుశనగలో ఒలీక్‌ను లినోలీక్‌గా మార్చే ఎంజైము జన్యువులు రెండూ పనిచేయని రకాల్లో ఒలీక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది. అందువల్ల రకం పేరు ఇవ్వని కొవ్వు ఆమ్లాల పట్టికకు విలువ తక్కువ.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. తేమ, గుణకం, పొట్టు సంగతి చూసుకుని అంకెలను సరిచేస్తాను. అలా సరిచేశాక వేరుశనగ, నువ్వులు, సోయా ప్రోటీన్లను ఒకదానితో ఒకటి పోల్చవచ్చా?

జవాబు 1:

పరిమాణాన్ని పోల్చవచ్చు, నాణ్యతను పోల్చలేరు. వేరుశనగలోనూ నువ్వుల్లోనూ మొదట కొరతపడేది లైసిన్ అనే అమైనో ఆమ్లం. సోయాలో లైసిన్ బాగానే ఉంటుంది, గంధకం ఉన్న మెథియోనిన్, సిస్టీన్ చాలవు. నువ్వుల్లో మెథియోనిన్ పుష్కలం. సోయాను వేడిచేస్తే అందులోని ట్రిప్సిన్ నిరోధకాలు (ప్రోటీన్‌ను జీర్ణం చేసే ట్రిప్సిన్ ఎంజైమును అడ్డుకునేవి) చాలావరకు నశించి ప్రోటీన్ మెరుగ్గా జీర్ణమవుతుంది. వేడి మితిమీరితే మాత్రం లైసిన్ చక్కెరలతో కలిసిపోయి శరీరానికి పనికిరాకుండా పోతుంది. చిక్కేమిటంటే, నత్రజని ఎక్కడికీ పోదు కాబట్టి కెల్డాల్ కొలతలో ఆ నష్టం కనిపించదు. మాడిన పిండికీ మంచి పిండికీ ఇంచుమించు ఒకే ప్రోటీన్ శాతం వస్తుంది. మామూలు అమైనో ఆమ్ల విశ్లేషణలో కూడా యాసిడ్‌తో ఉడికించేటప్పుడు అలా చిక్కుకున్న లైసిన్‌లో కొంత తిరిగి విడివడి లెక్కలోకి వస్తుంది. అందుకే 2013లో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వెలువరించిన నివేదిక, వేడిచేసి తయారుచేసిన ఆహారాల విషయంలో మొత్తం లైసిన్‌ను కాకుండా, చర్య జరపగల స్థితిలో మిగిలి, జీర్ణమయ్యే లైసిన్‌నే లెక్కలోకి తీసుకోమంటుంది. వేయించిన లేదా నూనె తీసిన పిండి పట్టిక ఏదైనా వాడేముందు అందులో ఇచ్చినది ఈ రెండింటిలో ఏ లైసిన్ అంకో చూడండి.