లీడర్‌కు నచ్చిన పాటను బట్టి మనిషిని అంచనా వేయొచ్చా?

దేవరకొండ రోడ్:
మొన్న మా దగ్గరి లీడర్ ఒకాయన యూట్యూబ్ ఇంటర్వ్యూ చూశాను. అభిమాన హీరో ఎవరని యాంకర్ అడిగితే అందరూ ఇష్టమే అన్నాడు. ఇష్టమైన పాట ఏదంటే టక్కున ఒక ఉద్యమ పాట చెప్పాడు. రెండో చరణం అందుకోమంటే నవ్వి దాటేశాడు. ఎవరినీ నొప్పించొద్దు, తెలియకపోయినా తెలిసినట్టే ఉండాలి. మనిషి గుణం మొత్తం అక్కడే బయటపడింది. అభిరుచిని బట్టి మనిషి తెలుస్తాడని నేనంటాను. మీరేమంటారు?

పాలమూరు పోరడు:
అన్నా, అది గుణం కాదు, ఓట్ల లెక్క. ఒక హీరో పేరు చెబితే మిగతా ఫ్యాన్స్ అందరికీ కోపం. ఆ కుర్చీలో మీరున్నా అదే చెబుతారు. బ్రిటన్‌లో అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ తనకు ద స్మిత్స్ బ్యాండ్ అంటే ఇష్టమని చెప్పుకుంటుంటే, 2010లో ఆ బ్యాండ్ గిటారిస్ట్ జానీ మార్ ఇక ఆ మాట అనొద్దని, తమ పాటలు ఇష్టపడటానికే వీల్లేదని ట్విట్టర్‌లో పెట్టాడు. పాట కట్టినవాళ్ల రాజకీయం ఒకటి, వినేవాడిది ఇంకొకటి. అట్లాంటప్పుడు పాటను బట్టి మనిషిని ఎట్లా పట్టుకుంటారు?

వనపర్తి పాత బస్టాండ్:
ఇంటర్వ్యూలు పక్కన పెట్టండి తమ్ముడూ. తెలంగాణలో కవులే లేరని ఎవరో చులకన చేస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల రచనలు పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. 1952లో మా వనపర్తి ఎమ్మెల్యే ఆయనే. ఆయనకు పద్యమంటే ఇష్టమని వేరే చెప్పాలా? ఇష్టం నిజమైతే దాని వెనక చాకిరీ కనబడుతుంది. ఈ రోజుల్లో లీడర్లకు పాట అంటే స్టేజీ ఎక్కేటప్పుడు మోగే డీజేనే.

పాలమూరు పోరడు:
సార్, సురవరం గారి మీద నాకూ గౌరవమే. మరి పీవీ నరసింహారావు గారి సంగతేంటి? విశ్వనాథ వారి వేయిపడగలును హిందీలోకి తెచ్చిన మనిషి, చాకిరీకి తక్కువేం లేదు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలినప్పుడు ప్రధాని ఆయనే. ఆ అనువాదం చదివి, ఆ రోజు ఆయన ఏం చేస్తారో ముందే చెప్పగలిగేవాళ్లా ఎవరైనా? అందెశ్రీ గారి జయ జయహే తెలంగాణ 2024లో రాష్ట్ర గీతమైంది. అన్నేళ్లు ఆగడమైనా, చివరికి కావడమైనా ఒకరి చెవికి నచ్చడం మీద నడిచిన పనేనా? అంతా రాజకీయమే.

కల్వకుర్తి కుర్రోడు:
మా వాళ్లకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. 1989లో ఎన్టీఆర్ అంతటివాడినే మా దగ్గర ఓడించి పంపించారు. సినిమా సినిమానే, ఓటు ఓటే.

దేవరకొండ రోడ్:
అది ఓటర్ల అభిరుచి తమ్ముడూ, నేనడిగింది లీడర్లది 😀

డప్పు దరువు:
నేను ప్రచారంలో పాడేవాణ్ణి, మా టీమ్‌లో ఆరుగురం. జనానికి తెలిసిన బాణీ తీసుకొని, లీడర్ పేరు, గుర్తు ఇరికించి చరణాలు కట్టడం మా పని. ఒకాయన ఉండేవాడు. మేం అమరుల పాట ఎత్తుకుంటే కండువాతో కండ్లు తుడుచుకునేవాడు, మైక్ లాక్కొని మాతో గొంతు కలిపేవాడు. ఆ వీడియోలు బాగా తిరిగాయి. రిజల్ట్ వచ్చాక మాకు రావలసిన పైసల కోసం ఇంటికి పోతే, పీఏను కలవమని ఒకసారి, సార్ హైదరాబాద్‌లో ఉన్నారని ఒకసారి. సగం ఇప్పటికీ రాలేదు. ఇంకో పార్టీ ఆయనకు పాట అంటేనే చిరాకు. స్పీకర్లు తన కారుకు దూరంగా పెట్టమనేవాడు, మా పాట ఒక్కటి కూడా పూర్తిగా విని ఉండడు. మీటింగ్ అయిన రాత్రే మమ్మల్ని పిలిచి లెక్క తేల్చేవాడు, ఆటో కిరాయి వేరే. ఆడపిల్లలు ఇల్లు చేరారా అని ఫోన్ చేసి కనుక్కునేవాడు. ఈ ఇద్దరిలో పాట ఎవరికి ఇష్టమంటారు?

వనపర్తి పాత బస్టాండ్:
మొదటాయనకే ఇష్టం. ఇష్టం ఉండి కూడా ఎగ్గొట్టాడు చూడు, అదీ గుణం.

దేవరకొండ రోడ్:
బాగుంది కానీ, ఇదంతా ఓటరుకు ఎట్లా తెలుస్తుంది అన్నా? మాకు కనబడేది ఇంటర్వ్యూ, ఆ కండ్లు తుడుచుకునే వీడియోనే కదా.

డప్పు దరువు:
మా లాంటోళ్లను అడగాలె. టెంట్ వేసినాయనను, మైక్ సెట్ ఆయనను, డీజే బండి నడిపినాయనను అడిగితే అరగంటలో జాతకం మొత్తం చెప్తరు.

పాలమూరు పోరడు:
అయితే ఆ మొదటాయన పేరు చెప్పు అన్నా.

డప్పు దరువు:
చెప్పను తమ్మీ. మిగతా సగం ఇంకా రావాలె.