లారీ విడిభాగాల దుకాణానికి ముందు డయలర్ కొనాలా, సీఆర్ఎం కొనాలా?

ప్రశ్న: ఆటోనగర్ విడిభాగాలు

సభ్యులకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీ విడిభాగాల టోకు దుకాణం. కౌంటరు దగ్గర జరిగే అమ్మకం కంటే ఫోను మీద జరిగే అమ్మకమే ఇప్పుడు ఎక్కువ. ఆరుగురు ఉద్యోగులు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏలూరు, భీమవరం, నరసరావుపేట, ఒంగోలు వైపు ఉన్న లారీ యజమానులకూ మెకానిక్కులకూ చిన్న దుకాణాల వారికీ ఫోన్లు చేసి, సరుకు ఏం కావాలో కనుక్కుని, ఆర్డరు రాసుకుంటారు. ఒక్కొక్కరికీ ఒక పొడుగు పుస్తకం ఇచ్చాము కానీ, ఫోను మాత్రం ఎవరిది వారిదే.

గత నెలలో వారిలో ఒకరు ఉద్యోగం మానేశారు. పుస్తకం బల్ల మీద పెట్టి మర్యాదగానే వెళ్లారు. అయితే అందులో "భీమవరం రాజు గారు, క్లచ్ ప్లేటు, సోమవారం" అని మాత్రమే ఉంటే మేము ఏ రాజు గారికి ఫోన్ చేయాలి? భీమవరంలో ఆ పేరుతో పిలిస్తే వీధికి పదిమంది పలుకుతారు. నంబర్లన్నీ ఆ ఉద్యోగి ఫోనులోనే వెళ్లిపోయాయి.

ఆ తరువాత ఇద్దరు సాఫ్ట్‌వేర్ విక్రేతలను పిలిపించాను. మొదటివారు డయలర్ (జాబితాలోని నంబర్లకు వరసగా ఫోన్లు కలిపే సాఫ్ట్‌వేర్) చూపించి, ఇప్పుడు ఒక్కొక్కరూ రోజుకు 70, 80 ఫోన్లు చేస్తుంటే దానితో మూడింతలు చేయవచ్చునని చెప్పారు. రెండవవారు సీఆర్ఎం చూపించి, ఖాతాదారు వివరాలన్నీ ఒకేచోట ఉంటాయనీ, ఏ రోజు ఎవరికి ఫోన్ చేయాలో అదే గుర్తు చేస్తుందనీ అన్నారు. రెండింటికీ మనిషికి నెలకు ఇంత అని అద్దె కట్టాలి. రెండూ ఒకేసారి తీసుకునే స్థోమత లేదు. ముందు దేనికి వెళ్లాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


జవాబు: బ్రాడీపేట ఐదో లైను

మీకు ఫోన్లు తక్కువై నష్టం రాలేదు, ఎవరికి చేయాలో తెలియక వచ్చింది. అందుకు మందు సీఆర్ఎం. డయలర్ విక్రేత చూపించిన లెక్క నిజమే కావచ్చును కానీ, అది మీ జబ్బుకు సంబంధించిన లెక్క కాదు.

కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పొరపాటు మేము చేసి ఉన్నాము. గుంటూరులో మాది ప్రవేశ పరీక్షల శిక్షణ సంస్థ. రెండేళ్ల క్రితం అడ్మిషన్ల సమయంలో ఎనిమిది మందితో డయలర్ నడిపాము. డయలర్లన్నీ ఒక రకం కావు. ప్రివ్యూ పద్ధతిలో ఎదుటివారి వివరాలు ముందు తెర మీదకు వస్తాయి, చదువుకున్నాకే మీట నొక్కుతాము. ప్రోగ్రెసివ్ పద్ధతిలో ఒక మనిషి ఖాళీ కాగానే తరువాతి నంబరు దానంతట అదే కలుస్తుంది. ప్రిడిక్టివ్ పద్ధతి వేరు: సగటున ఒక్కో సంభాషణ ఎంతసేపు సాగుతున్నదో, నూటికి ఎందరు ఫోను ఎత్తుతున్నారో లెక్కగట్టి, మనిషి ఖాళీ కాకముందే ఉన్న మనుషుల కంటే ఎక్కువ నంబర్లకు ఒకేసారి డయల్ చేస్తుంది. వందమంది కూర్చున్న కాల్ సెంటర్‌లో ఆ సగటు నిలుస్తుంది. ఎనిమిది మంది ఉన్నచోట నిలవదు. అనుకున్న దానికంటే ముగ్గురు ఎక్కువగా ఎత్తితే ఆ ముగ్గురికీ వినిపించేది నిశ్శబ్దమే.

మాకు అమ్మినవారు ఈ మూడవ పద్ధతినే తగిలించి వెళ్లారు. ఒక విద్యార్థి తండ్రి నేరుగా ఆఫీసుకు వచ్చి, "పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోన్ చేసి మాట్లాడకుండా పెట్టేస్తున్నారు, మా పిల్లను ఎవరైనా ఏడిపిస్తున్నారేమోనని భయపడ్డాం" అని నిలదీసేదాకా మాకు సంగతి తెలియలేదు. ఇలా ఎత్తినవారిని గాలిలో వదిలేసే ఫోన్లు అమెరికాలో నూటికి 3 మించకూడదని నిబంధన ఉంది. మన దేశంలో కూడా ఆటో డయలర్ వాడేవారు ఆ సంగతిని తమ టెలికాం సంస్థకు ముందుగా తెలియజేయాలి. ఈ మాట మాకు అమ్మినవారి నోట రాలేదు, మేమూ అడగలేదు.

మాకైనా ఎదుటివారు కొత్తవారు, ఒకసారి నొచ్చుకుంటే ఒక అడ్మిషన్ పోతుంది. మీ ఖాతాదారులు ఏళ్ల తరబడి సరుకు తీసుకుంటున్నవారు. ఫోను ఎత్తగానే "ఎవరండీ మాట్లాడేది" అని మీవాళ్లు అడిగితే, పాత ఖాతాదారుకు అంతకంటే అవమానం లేదు.


జవాబు: తీగలు కలిపేవాడు

పై సభ్యుల అభిప్రాయంతో చాలావరకు ఏకీభవిస్తాను. వృత్తిరీత్యా ఈ జిల్లాలలో వ్యాపార సంస్థలకు ఫోను వ్యవస్థలు అమర్చుతుంటాను కనుక, సాఫ్ట్‌వేర్ సంగతికి ముందు నంబరు సంగతి తేల్చుకోవాలని నా సలహా. ఉద్యోగి స్వంత సిమ్ నుంచి ఫోన్లు వెళ్తున్నంత కాలం మీరు ఎంత గొప్ప సీఆర్ఎం కొన్నా, ఖాతాదారు ఫోనులో భద్రమయ్యేది ఆ ఉద్యోగి నంబరే. మానేసిన మరునాడు రాజు గారు ఆర్డరు చెప్పేది ఆయనకే.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, సంస్థ పేరు మీద ఆరు సిమ్‌లు తీసుకుని ఉద్యోగులకు ఇవ్వడం. రెండవది క్లౌడ్ టెలిఫోనీ, అంటే సంస్థకు ఒక నంబరు ఉండి, దానికి వచ్చిన ఫోనును ఎవరు ఖాళీగా ఉంటే వారికి పంపడం. మొదటిది చవక. రెండవదానిలో ఎత్తలేకపోయిన ఫోన్లు కూడా నమోదవుతాయి. మీ వ్యాపారంలో దీనిని చిన్న విషయమనుకోకండి, ఎందుకంటే రోడ్డు మీద ఆగిపోయిన లారీ డ్రైవరు మీరు ఎత్తకపోతే వెంటనే పక్క దుకాణానికి చేస్తాడు.

ఫోనులో యాప్ పెట్టి సిమ్ ద్వారానే డయల్ చేయించే సాఫ్ట్‌వేర్లను కొంటే ఒకటి గమనించండి. గూగుల్ 2019 నుంచి కాల్ లాగ్, అంటే ఫోనులోని కాల్స్ చిట్టా, చదివే అనుమతిని ప్లే స్టోరులోని చాలా యాప్‌లకు బిగించింది. 2022 మే నుంచి, వికలాంగుల కోసం ఫోనులో పెట్టిన యాక్సెసిబిలిటీ సౌకర్యాన్ని అడ్డం పెట్టుకుని కాల్ రికార్డు చేసే యాప్‌లను నిషేధించింది. ఐఫోనులో అయితే బయటి యాప్‌కు కాల్ లాగ్ అసలు అందదు. అందుచేత "అన్ని ఫోన్లలోనూ రికార్డవుతుంది" అని విక్రేత చెబితే, మీ ఆరుగురి ఫోన్లలోనే పెట్టి చూపించమనండి. ప్లే స్టోరులో కాకుండా వాట్సాప్‌లో ఫైలు పంపి ఎక్కించుకోమంటే అక్కడితో మాట ఆపేయండి.

చట్టం విషయం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వాణిజ్య ప్రచారపు ఫోన్లకు సంస్థ నమోదు కావాలి, మామూలు పదంకెల నంబర్ల నుంచి అవి చేయకూడదు. వాటికి 140తో మొదలయ్యే వరుస వేరే ఉంది. 1909కి తెలియజేసి ప్రచార ఫోన్లు వద్దనుకున్నవారికి చేయకూడదు. 2024 ఆగస్టులో ట్రాయ్ మరింత బిగించి, నమోదు లేకుండా ప్రచార ఫోన్లు చేసేవారి కనెక్షన్లన్నీ తీసేసి, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టమని టెలికాం సంస్థలను ఆదేశించింది. మీ పాత ఖాతాదారు అడిగిన సరుకు వచ్చిందని చెప్పడం వేరు, ఎక్కడో కొన్న లారీ యజమానుల జాబితాకు వరసగా ఫోన్లు కొట్టడం వేరు. డయలర్ విక్రేత చెప్పే మూడింతల ఫోన్లకు మీ దగ్గర ఖాతాదారులు చాలరు కనుక, జాబితాలు కొనడం మొదలవుతుంది. చిక్కు అక్కడ ఉంది.


జవాబు: గవర్నరుపేట పద్దులు

ఒక్కటే మాట. మీరు లెక్కలు ట్యాలీలో రాస్తూ ఉండే ఉంటారు. ఎంచుకునే సీఆర్ఎంలో ఖాతాదారు పేరు తెరవగానే అతని బాకీ ఎంతో కనిపించాలి. 90 రోజుల బాకీ ఉన్నవారికి మీ ఉద్యోగి ఫోన్ చేసి కొత్త సరుకు అంటగడితే, ఆ అమ్మకం కాగితం మీదే ఉంటుంది. ట్యాలీతో కలపడానికి వేరే రుసుము ఉంటుందేమో ముందే రాతపూర్వకంగా అడగండి. చందా మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, మీ జీఎస్టీ నంబరు ఇచ్చి బిల్లు తీసుకుంటే దానిని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, తీసుకోవచ్చు.


మళ్లీ ప్రశ్న: ఆటోనగర్ విడిభాగాలు

అందరికీ కృతజ్ఞతలు. డయలర్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను. సంస్థ పేరు మీద సిమ్‌లు తీసుకుంటాము.

ఇప్పుడు వచ్చిన చిక్కు మరొకటి. విక్రేత చూపించిన సీఆర్ఎంలో పేరు, ఈమెయిలు, కంపెనీ, హోదా అనే గడులు ఉన్నాయి. మా ఖాతాదారులలో ఈమెయిలు వాడేవారు పదిమంది ఉంటారేమో. ఒక యజమానికి ఆరు లారీలు ఉంటాయి, ఫోన్ చేసేది డ్రైవరు, సరుకు బిగించేది మెకానిక్కు, డబ్బు ఇచ్చేది యజమాని తమ్ముడు. వీరిలో ఎవరిని ఖాతాదారుగా రాయాలి? సాఫ్ట్‌వేర్ పేర్లు కూడా చెబితే మేలు.


జవాబు: బ్రాడీపేట ఐదో లైను

మీకు కావలసింది సొంతంగా గడులు చేర్చుకోనిచ్చే సీఆర్ఎం. యజమానిని ఖాతాగా పెట్టి, ఆయన కింద డ్రైవరు, మెకానిక్కు, తమ్ముడు ఎవరి నంబరుతో వారిని చేర్చండి. ఎవరు ఫోన్ చేసినా తెర మీద ఆ ఒక్క ఖాతాయే తెరుచుకోవాలి. లారీలను కూడా ఆ ఖాతా కిందే బండి నంబరుతో విడివిడిగా రాయండి. బండి నంబరును బట్టి జిల్లా తెలుస్తుందని మాత్రం అనుకోవద్దు. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 07 అంటే గుంటూరు అనే రోజులు పోయి, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కదా. ఊరికి వేరే గడి పెట్టాల్సిందే.

బండి తయారైన సంవత్సరం గడి తప్పనిసరి. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్ 4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 అనే పొగ కాలుష్య ప్రమాణాలు వచ్చాయి కనుక, అదే మోడల్ పేరున్న రెండు లారీలకు ఇంజను వైపు, పొగగొట్టం వైపు సరుకు ఒకటి కాకపోవచ్చు. మీకు నేను చెప్పనక్కరలేదు కానీ, విక్రేతకు మీరు చెప్పాలి.

పేర్ల విషయానికి వస్తే, చెన్నై కేంద్రంగా నడిచే జోహో వారి సీఆర్ఎం ముగ్గురి వరకు ఉచితం. అదే సంస్థ చిన్న వ్యాపారాల కోసం 2020లో బిగిన్ అనే తేలికపాటిది తెచ్చింది. మీ ఆరుగురికి నా ఓటు దానికే. ఫ్రెష్‌వర్క్స్ వారి ఫ్రెష్‌సేల్స్, హబ్‌స్పాట్ కూడా మంచివే, కాకపోతే వెబ్‌సైటు నుంచీ ఈమెయిలు నుంచీ విచారణలు వచ్చేవారికి అవి ఎక్కువ పనికివస్తాయి. సేల్స్‌ఫోర్స్ మీ స్థాయికి ఏనుగును కొని కొట్టంలో కట్టేసినట్టే. విసీడయల్ ఉచితమని ఎవరైనా చెబుతారు. సాఫ్ట్‌వేర్ ఉచితమే, కానీ అది కాల్ సెంటర్ కోసం చేసిన డయలర్, పైగా సర్వరు చూసుకునే మనిషి జీతం ఉచితం కాదు.

పాత పుస్తకాలను ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు జాగ్రత్త. మా బ్రాడీపేటలో, పక్కన అరండల్‌పేటలో చిరునామాను లైను, అడ్డరోడ్డు లెక్కన 4/7 అని రాస్తాము. ఎక్సెల్ దానిని జులై 4గా మార్చేసింది. సీఆర్ఎంలోకి ఎక్కించాక చూస్తే సగం గుంటూరు క్యాలెండరులాగా కనిపించింది. ఆ గడిని ముందే టెక్స్టుగా మార్చుకోవాలి. అలాగే ఒకే పేరును ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు కనుక, ఒకే మనిషి మూడుసార్లు వస్తాడు. పేరును బట్టి కాకుండా ఫోను నంబరును బట్టి ఒకే మనిషిని గుర్తించేలా పెట్టుకోండి.


జవాబు: తీగలు కలిపేవాడు

ఒక చేర్పు. ఉచిత వ్యవధిలో ఉండగానే యాభై పేర్లు ఎక్కించి, అన్నింటినీ తిరిగి ఒక ఫైలుగా బయటకు తీసి చూడండి. పేర్లు, నంబర్లు రావడం సులువు. "ధర ఎక్కువన్నారు, వచ్చే వారం చేయమన్నారు" అని మీవాళ్లు రాసిన వ్యాఖ్యలు, ఫోన్ చేసిన తేదీలు కూడా వస్తున్నాయా అన్నది చూడాలి. అవి రాకపోతే రేపు సాఫ్ట్‌వేర్ మార్చిన రోజున మీరు మళ్లీ పొడుగు పుస్తకం దగ్గరే ఉంటారు. మాటలు రికార్డు చేయదలిస్తే ఆ సంగతి అవతలివారికి ముందుగా చెప్పే ఏర్పాటు పెట్టుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దశలవారీగా అమలులోకి వస్తున్నది, దాని పరిధిలోకి మీలాంటి దుకాణాలూ వస్తాయి.


ఆటోనగర్ విడిభాగాలు

చెప్పినట్టే యాభై పేర్లతో మొదలుపెట్టి బయటకు తీసి చూశాము, వ్యాఖ్యలూ తేదీలూ వచ్చాయి. రోజూ సాయంత్రం దుకాణం మూసే ముందు ఒక గంట పాత పుస్తకాలు ఎక్కిస్తున్నాము. మా పెద్ద గుమాస్తా గారు తెర మీద రాయనని మొండికేశారు కనుక, ఆయన చెబుతుంటే ఇంకొకరు ఎక్కిస్తున్నారు. మూడేళ్ల బిల్లు పుస్తకాలు తిరగేస్తే భీమవరంలో క్లచ్ ప్లేట్లు తీసుకున్న రాజు గార్లు నలుగురు తేలారు. ముగ్గురికి ఫోన్ చేశాము, వారు కాదు. నాలుగవ వారి బిల్లు మీద నంబరు లేదు, బండి నంబరు మాత్రమే ఉంది.