అప్‌డేట్: బీపీటీ తర్వాత ఫోరెన్సిక్సా, స్పోర్ట్స్ మెడిసినా?

బీపీటీ (ఫిజియోథెరపీలో డిగ్రీ) పూర్తిచేసిన మా మేనకోడలు పీజీకి ఫోరెన్సిక్స్, స్పోర్ట్స్ మెడిసిన్‌లలో ఎటు వెళ్ళాలని విజయనగరం నుంచి వేసవిలో ఇక్కడ అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. కోర్సు పేరు కన్నా ముందు అర్హత చదవమన్న సలహాయే దారి చూపింది. స్పోర్ట్స్ మెడిసిన్, ఫోరెన్సిక్ మెడిసిన్ రెండింటిలోనూ ఎండీ అనేది ఎంబీబీఎస్ చేసి నీట్ పీజీ రాసేవారికే గనుక, అవి మొదట్లోనే పక్కకు పోయాయి. ఆటగాళ్ళతో పనిచేయాలనుకునే బీపీటీ వారికి సరైనది రెండేళ్ళ ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ)లో స్పోర్ట్స్ విభాగమని ఆమెకు పాఠాలు చెప్పిన అధ్యాపకురాలు తేల్చారు. వెయిట్‌లిఫ్టర్లకు పేరుపడ్డ మన జిల్లాలోని కొండవెలగాడ గ్రామానికి వెళ్ళి, బరువు తలపైకెత్తేటప్పుడు భుజం ఎక్కడ పట్టేస్తుందో, గొంతుక్కూర్చుని లేచేటప్పుడు మోకాలు ఎటు ఒరుగుతుందో దగ్గరగా చూశాక ఆమెకూ సందేహం మిగల్లేదు. సీటు వచ్చింది, తరగతులు మొదలయ్యాయి.

గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయం గురించి చెప్పినవారి మాట తీసిపారేయదగ్గది కాదు. రసాయన, జీవశాస్త్రాల్లో బీఎస్సీ చేసి విషపదార్థాలు, డీఎన్‌ఏ పరీక్షలపై ఆసక్తి ఉన్నవారికి అది మంచి మార్గమే, కాని మా పిల్లకు ప్రయోగశాల కన్నా మైదానమే ఇష్టం. ఎంపీటీకి వెళ్ళేవారు మాత్రం కళాశాలకు స్పోర్ట్స్ విభాగంలోనే అనుమతి ఉందో లేదో ముందుగా చూసుకోండి; ఆర్థోపెడిక్స్ (ఎముకలు, కీళ్ళ) విభాగం ఉన్నచోటల్లా అది ఉండదు.