క్రైసిస్ కోర్: ఎంత కొట్టినా లెవెల్ పెరగట్లేదు. పాత పీఎస్‌పీలోనే ఆడాలా, రీయూనియన్ కొనాలా?

బెజవాడ బటన్లు (ప్రశ్న):
అందరికీ నమస్తే. మా మేనమామ సింగపూర్ నుంచి వస్తూ తను వాడిన పీఎస్‌పీ 3000 (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్), దాంతోపాటు క్రైసిస్ కోర్ ఫైనల్ ఫాంటసీ 7 డిస్క్ ఇచ్చాడు. ఫైనల్ ఫాంటసీ ఇంతవరకు ఒక్కటీ ఆడలేదు. రెండో అధ్యాయంలో, బనోరా ఊళ్ళో ఉన్నాను. అక్కడ బహమూత్ అనే డ్రాగన్ చేతిలో మూడుసార్లు చచ్చాను.

నా గోల ఏంటంటే, దారిలో కనిపించిన ప్రతి శత్రువునీ కొడుతున్నా. ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు మాత్రం ఎక్కడా చూపించట్లేదు. పైన ఎడమవైపు మూడు చక్రాలు వాటంతటవే తిరుగుతుంటాయి, 777 పడితేనే లెవెల్ పెరుగుతుందని ఎక్కడో చదివాను. మొత్తం అదృష్టమేనా ఇది? అలాగైతే నేను కష్టపడి కొట్టి ఏం లాభం?

ఇంకో మాట. డిస్క్ తిరిగేటప్పుడు కరకరమని శబ్దం వస్తోంది. డౌన్‌లోడ్ కొనుక్కునే వీలుందా? లేక పీసీలో రీయూనియన్ (ఇదే ఆటని కొత్తగా చేసింది) కొనేసి దీన్ని పక్కన పెట్టాలా?

మెటీరియా పిచ్చి:
తమ్ముడూ, ముందు ఆ చక్రాల సంగతి తేల్చేద్దాం. ఈ ఆటలో అందరూ తికమకపడేది అక్కడే. 2008లో నేనూ రెండు వారాలు జుట్టు పీక్కున్నాను.

దాని పేరు డిజిటల్ మైండ్ వేవ్, అందరం డీఎండబ్ల్యూ అంటాం. చూడ్డానికి జాతరలో చక్రం తిప్పే ఆటలా ఉంటుంది గానీ లోపల లెక్క వేరే ఉంది. నువ్వు శత్రువుల్ని కొడుతున్నకొద్దీ తెర మీద కనపడని ఎక్స్‌పీరియన్స్ పోగవుతూనే ఉంటుంది. అది పెరిగేకొద్దీ 777 పడే అవకాశమూ పెరుగుతుంది. అంటే నీ కష్టం వృథా పోవట్లేదు, లెక్క నీకు చూపించట్లేదంతే. ఆటతో వచ్చే చిన్న పుస్తకంలో ఒక్క వాక్యం రాసి ఉంటే ఇన్నేళ్ళుగా ఇంతమంది తిట్టుకునేవాళ్ళు కాదు.

ఇక తిరిగే తీరు. చక్రాల మీద కథలోని పాత్రల బొమ్మలుంటాయి, అంకెలుంటాయి. ముందు ఎడమ, కుడి బొమ్మలు ఒకటే పడితే పోరాటం ఆగి చక్రాలు తెరంతా వస్తాయి. అప్పుడు మూడో బొమ్మా కలిస్తే ఆ మనిషికి సంబంధించిన ప్రత్యేక శక్తి పనిచేస్తుంది, దాన్నే లిమిట్ దెబ్బ అంటాం. ఏంజీల్ అయితే రష్ అసాల్ట్, సెఫిరోత్ అయితే ఆక్టాస్లాష్, ఏరిత్ అయితే హీలింగ్ వేవ్. తెరంతా వచ్చినప్పుడే అంకెలు కూడా చూడు. 777 పడితే నీ లెవెల్ పెరుగుతుంది. 1 నుంచి 6 దాకా అంకెలు జత కుదిరితే ఆ నంబరు గడిలో పెట్టుకున్న మెటీరియా (మంత్రాలు, శక్తులు ఇచ్చే గోళం) లెవెల్ పెరుగుతుంది. అందుకే ఏ గడీ ఖాళీగా ఉంచకు.

చాలామంది గమనించనిది ఎస్‌పీ, అంటే శత్రువుల్ని ఓడిస్తే వచ్చే పాయింట్లు. చక్రం ఒక్కసారి తిరగడానికి 10 ఎస్‌పీ ఖర్చవుతుంది. అది అయిపోతే చక్రాలు ఆగిపోతాయి, లెవెలూ ఉండదు, లిమిట్ దెబ్బా ఉండదు. ముందు నీ ఎస్‌పీ ఎంతుందో చూసి చెప్పు.

బెజవాడ బటన్లు:
అన్నా, చూశాను. 40 ఉంది! తప్పించుకోవచ్చు కదా అని చాలా పోరాటాల నుంచి పారిపోయాను కూడా.

మెటీరియా పిచ్చి:
దొరికింది దొంగ. పారిపోకు. సేవ్ పాయింట్ దగ్గరికెళ్ళి మిషన్లు (కథతో సంబంధం లేని చిన్న పోరాటాలు) తెరువు, ఎం1 వరసలో ఉన్నవన్నీ చెయ్యి. ఒక్కొక్కటి రెండు మూడు నిమిషాల పని. ఎస్‌పీ దానంతటదే నిండుతుంది, ఈలోపు ఒకటి రెండు లెవెల్స్ కూడా పడతాయి.

బహమూత్ దగ్గర ఎదురుగా నిలబడి కొట్టకు. దొర్లి వెనక్కి వెళ్ళు. వెనక నుంచి పడే దెబ్బ క్రిటికల్ అవుతుంది. కానీ దొర్లినప్పుడల్లా ఏపీ (ఇలాంటి కదలికలకి ఖర్చయ్యే పాయింట్లు) తగ్గుతుంది కాబట్టి బహమూత్ పెద్ద దెబ్బకి సిద్ధమయ్యేటప్పుడు మాత్రమే దొర్లు. గాయాలు నయం చేసే క్యూర్ మెటీరియా ఒకటి తప్పకుండా ఉండాలి. గెలిస్తే బహమూత్ నీ చక్రాల్లోకే వస్తాడు.

రిపేరు బల్ల:
డిస్క్ గురించి నేను చెప్తాను, పీఎస్‌పీలు విప్పి బిగించడం నాకు అలవాటు.

డౌన్‌లోడ్ ఆశ వదులుకోండి. పీఎస్‌పీ క్రైసిస్ కోర్ ప్లేస్టేషన్ స్టోర్‌లోకి ఎప్పుడూ రాలేదు. అందుకే డిస్క్ పెట్టే చోటే లేని పీఎస్‌పీ గో మీద గానీ, తర్వాత వచ్చిన వీటా మెషీన్ మీద గానీ ఈ ఆట అధికారికంగా నడవదు. మీ మావయ్య ఇచ్చిన ఆ యూఎండీ (పీఎస్‌పీ డిస్క్ పేరు అదే) ఒక్కటే దారి, జాగ్రత్తగా చూసుకోండి. ఆటల డిస్కులకి ప్రాంతాల అడ్డు లేదు, సింగపూర్‌లో కొన్నదైనా, అమెరికాలో కొన్నదైనా మీ మెషీన్‌లో ఆడుతుంది.

కరకర శబ్దం యూఎండీకి కొంత మామూలే. చదవడం మధ్యలో ఆగిపోతుంటే మాత్రం ముందు డిస్క్ తొడుగు చూడండి. పారదర్శకంగా ఉండే ముందు పలక అంచుల దగ్గర విడిపోతుంటుంది. అప్పుడు డిస్క్ లోపల గీసుకుంటుంది. మార్చడానికి ఖాళీ తొడుగులు దొరుకుతాయి. లెన్స్ మీద ఊదొద్దు, పొడి బడ్స్‌తో మెల్లగా తుడవండి.

అన్నిటికంటే ముఖ్యం, వెనక మూత తీసి బ్యాటరీ చూడండి. బల్ల మీద పెట్టి వేలితో తిప్పితే బొంగరంలా తిరిగిందంటే ఉబ్బిందని అర్థం. దాన్ని ఛార్జింగ్‌లో పెట్టకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. నా దగ్గరికొచ్చే పాత పీఎస్‌పీల్లో ఎక్కువ ఈ బాపతే. కొత్త బ్యాటరీ వచ్చేదాకా ఛార్జర్ తగిలించి బ్యాటరీ లేకుండానే ఆడుకోవచ్చు. ఆటని సేవ్ చేసేది మెమొరీ స్టిక్ మీదే కాబట్టి అది నకిలీది కాకుండా చూసుకోండి.

మిడ్‌గార్ మెట్రో:
నేను కాస్త వేరేగా అంటాను. ఆ చక్రాలు బాగోలేవని అన్నవాళ్ళంతా ఆట అర్థం కానివాళ్ళు కాదు. విడుదలైనప్పుడు విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నారు, రివ్యూల సగటు చూపే మెటాక్రిటిక్ సైట్‌లో వందకి 83 వచ్చింది. 480 బై 272 చుక్కల చిన్న తెర మీద ఆ బొమ్మలు చూసి అందరూ నోరెళ్ళబెట్టారు. కథానాయకుడు జాక్ పాత్ర, కథ చివరి భాగం కూడా బాగా నచ్చాయి. అయితే పోరాటం మధ్యలో ఆపి చక్రం తిరగడం చాలామందికి చికాకు తెప్పించింది. మిషన్లు మొత్తం 300, అందులో సగం అవే గుహలు, అవే గదులు. ఇది న్యాయమైన ఫిర్యాదే. విలన్ జెనెసిస్ అస్తమానం అదే కవిత చదువుతుంటే నాకైతే విసుగొచ్చింది.

మెటీరియా పిచ్చి:
మిషన్ల విషయంలో ఒప్పుకుంటాను, మొత్తం వరసపెట్టి చేస్తే విసుగే. కానీ అవి ఎవరి కోసం కట్టారో చూడు. బస్‌స్టాప్‌లో, రైల్లో ఐదు నిమిషాలు దొరికితే ఒకటి ముగించి మూసేయడానికి. టీవీ ముందు మూడు గంటలు కూర్చుని 40 మిషన్లు చేస్తే తప్పు ఆటది కాదు. నేను కాలేజీకి బస్సులో వెళ్తూ రోజుకి నాలుగు చేసేవాణ్ణి, ఎప్పుడూ బరువనిపించలేదు.

బెజవాడ బటన్లు:
ఇంకో సందేహం. ఇది ఫైనల్ ఫాంటసీ 7కి ముందు జరిగిన కథ అంటున్నారు. అసలుది ముందు ఆడాలా?

మిడ్‌గార్ మెట్రో:
నా మాట వింటే అసలుది ముందు ఆడు. 1997లో వచ్చింది, ఇప్పుడు ఫోన్లలో కూడా దొరుకుతుంది. ఎందుకో చెప్పాలంటే ఈ ఆట ఎలా పుట్టిందో చెప్పాలి.

స్క్వేర్ ఎనిక్స్ అప్పట్లో ఫైనల్ ఫాంటసీ 7 చుట్టూ వరసగా కథలు తీసుకొచ్చింది. వాటిలో 2004లో జపాన్ ఫోన్ల కోసం చేసిన బిఫోర్ క్రైసిస్ ఒకటి, దాని దర్శకుడు హజిమె తబాటా. మొదట ఆ ఫోన్ ఆటనే పీఎస్‌పీకి తెద్దామనుకున్నారు. తర్వాత పాతది తేవడమెందుకు, కొత్తదే చేద్దామని మనసు మార్చుకున్నారు. కథానాయకుడిగా జాక్‌ని ఎంచుకున్నారు. అసలు ఆటలో అతను కనిపించేది కాసేపే, అయినా అతనికి ఏం జరిగిందో అందులోనే తేలిపోయింది. అంటే వీళ్ళు ముగింపు మార్చడానికి వీల్లేని కథ ఎత్తుకున్నారు. తబాటాయే దర్శకుడు, కథ కజుషిగె నోజిమా, పాత్రల రూపం తెత్సుయా నోమురా, సంగీతం తకెహారు ఇషిమోటో. 2007 సెప్టెంబర్ 13న జపాన్‌లో విడుదలైంది, మొదటి రోజే మూడున్నర లక్షలకు పైగా అమ్ముడుపోయింది. తర్వాత ప్రపంచమంతా కలిపి 31 లక్షలు దాటింది.

ఏం జరగబోతోందో తెలిసి ఆడితే, జాక్ నవ్విన ప్రతిసారీ గుండె పట్టేస్తుంది. తెలియకుండా ఆడితే అది మరో రకం దెబ్బ. నాకు మొదటిదే ఇష్టం.

నీలి కొవ్వొత్తి:
నేను తెలియకుండానే ఆడాను, ఆ తర్వాతే అసలుది ఆడాను. ఏమీ తక్కువ కాలేదు తమ్ముడూ. చేతిలో ఆట ఉన్నప్పుడు ఆపి ఇంకో 40 గంటల ఆట మొదలుపెట్టమంటే ఎవరు పెడతారు? ఆడేసెయ్. ముగింపు గురించి మాత్రం ఎక్కడా చదవకు.

రీయూనియన్ గురించి ఎవరూ చెప్పలేదు. 2022 డిసెంబర్ 13న వచ్చింది, పీసీలోనూ ఉంది, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్ అన్నిటిలోనూ ఉంది. కథ అదే, అధ్యాయాలు అవే పది. బొమ్మలన్నీ కొత్తగా చేశారు, మాటలన్నిటికీ గొంతు పెట్టారు. చక్రాలు ఇప్పుడు పక్కన తిరుగుతూనే ఉంటాయి, పోరాటం ఆగదు, లిమిట్ దెబ్బ పడితే నీకు కావాల్సినప్పుడు నొక్కి వాడుకోవచ్చు. చికాకు సగం పోయింది. మిషన్ల గదులు మాత్రం అవే.

డబ్బులు పెట్టి కొత్తగా కొనేవాళ్ళకి రీయూనియనే కొనమంటాను. కానీ నీ దగ్గర డిస్క్ ఉంది, మెషీన్ ఉంది. బ్యాటరీ బాగుంటే అందులోనే ఆడు. ఆ చిన్న తెర కోసమే కొలిచి కట్టిన ఆట అది.

ఒక హెచ్చరిక: ఎనిమిదో అధ్యాయంలో నీబెల్‌హైమ్ వెళ్తావు. అక్కడ ఊరి ఏడు వింతలని చిన్న పనులుంటాయి. కథ ముందుకు నడిపేలోపే ఊరంతా తిరిగి అందరితో మాట్లాడు. తర్వాత వెనక్కి రాలేవు.

బెజవాడ బటన్లు (మూడు వారాల తర్వాత):
బ్యాటరీ నిజంగానే ఉబ్బి ఉంది, రిపేరు బల్ల గారూ. తీసేశాను, ఛార్జర్ తీగతోనే మొత్తం ఆడాను. మిషన్లు చేశాక బహమూత్ ఒక్క దెబ్బకే దారికొచ్చాడు. నిన్న రాత్రి ఆట అయిపోయింది.

ఇక్కడి నుంచి ముగింపు రాస్తున్నా, ఆడనివాళ్ళు చదవకండి.

చివరి పోరాటంలో జాక్ మీదికి సైనికులు వస్తూనే ఉన్నారు. చక్రాలు తిరుగుతున్నాయి గానీ బొమ్మలు సరిగ్గా పడట్లేదు. ఒక్కొక్కరి ముఖం చెరిగిపోతోంది. మెషీన్ పాడైందేమో, డిస్క్ గీసుకుందేమో అని ముందు భయపడ్డాను. ఏరిత్ బొమ్మ దగ్గర చక్రం ఇరుక్కుపోయినట్టు ఆగి ఆగి తిరుగుతుంటే అప్పుడు అర్థమైంది. బటన్ నొక్కడం ఆపబుద్ధి కాలేదు. మా అమ్మ వచ్చి ఏమైందిరా అని అడిగింది.

మెటీరియా పిచ్చి:
మిడ్‌గార్ మెట్రో బ్రో, ఇందుకే నేను ఆ చక్రాలని ఒక్క మాట అననివ్వను. 20 గంటలు వాటి వెనక ఉన్నవి జాక్ జ్ఞాపకాలని చెప్తూనే ఉన్నారు, మనం అంకెలే చూస్తూ కూర్చున్నాం.

మిడ్‌గార్ మెట్రో:
ఆ పది నిమిషాలకి నేనూ తల వంచుతాను. మిగతా 19 గంటల సంగతి మాత్రం నా మాట అలాగే ఉంది.

బెజవాడ బటన్లు:
పేర్లు పడ్డాక సేవ్ చేయమంది, చేశాను. మళ్ళీ మొదటి నుంచి ఆడితే అన్నీ పోతాయా? అన్నిటికంటే గట్టి శత్రువు మినర్వాని కొట్టాలని ఉంది.

నీలి కొవ్వొత్తి:
పోవు. లెవెల్, మెటీరియా, వస్తువులు నీతో వస్తాయి. ఆ సేవ్ మీద రాయకుండా వేరే గడిలో కొత్త ఆట మొదలుపెట్టు. మినర్వా ఎం9-6-6 మిషన్‌లో ఉంటుంది, ఇప్పుడే వెళ్ళకు. ముందు మెటీరియా ఫ్యూజన్‌తో (రెండు మెటీరియాలని కలిపి) హెచ్‌పీ, అంటే ప్రాణశక్తి పెంచుకో, కాస్ట్‌లీ పంచ్ అనే మెటీరియా సంపాదించు. అది సొంత హెచ్‌పీ తినేస్తుంది గానీ అంత గట్టి దెబ్బ ఇంకోటి లేదు. ఈలోపు ఆ బ్యాటరీ కొత్తది తెచ్చుకో, మినర్వా పోరాటం మధ్యలో తీగ ఊడితే మళ్ళీ మొదటి నుంచే.